ఇంతలు కన్నులుండగా నవ్వెక్కడని అడిగితే ఎలా?

(పాఠకుల సాహిత్య సందేహాలకు సమాధానాలు)

ప్రశ్న: మనుచరిత్రలో వరూధినీ ప్రవరుల సంవాదం చెబుతూ మా అధ్యాపకులు తమలో తాము నవ్వుకున్నారు. తరగతిలో మరెవరూ నవ్వలేదు. ప్రతిపదార్థం వ్రాసుకున్న తరువాత కూడా నాకు నవ్వు రాలేదు. విడమరచి చెబితే తప్ప అందని హాస్యాన్ని హాస్యమనవచ్చునా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ప్రతిపదార్థం వ్రాసుకున్న తరువాత నవ్వు రాకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. పద్యాన్ని మాటలుగా తుంచి పక్కన అర్థాలు పేర్చుకున్నప్పుడు, ఆ మాటను ఎవరు ఎవరితో ఏ స్థితిలో అన్నారన్న సంగతి జారిపోతుంది. ప్రబంధాలలో హాస్యమంతా ఉండేది ఆ సంగతిలోనే.

హిమాలయం మీద ప్రవరుణ్ణి చూసి మోహించిన వరూధిని దగ్గరకు వెళ్లే ముందు కథలో కొంచెం వెనక్కి రండి. ఇంటికి అతిథిగా వచ్చి, దేశాలన్నీ తిరిగివచ్చానని చెప్పిన సిద్ధుణ్ణి ప్రవరుడు ఏమని అడుగుతాడో చూడండి. 'ఇట్టివి యెల్ల జూచిరా నెఱకలు గట్టుకొన్న మఱి యేండ్లును బూండ్లును బట్టు' అంటాడు. రెక్కలు కట్టుకొని తిరిగినా ఏళ్లూ పూళ్లూ పడుతుందే, మీ ముఖం చూస్తే పడుచుదనం చెప్పక చెబుతోందే అని దాని భావం. వెంటనే 'అద్దిరయ్య' అని, మీ మహిమలు మాకు తెలిసే తరమా అని సర్దుకుంటాడు. దీన్ని భక్తి అని చదివినా తప్పు కాదు. నాకు మాత్రం ఆ రెక్కల మాటలో అనుమానమే ముందు వినిపిస్తుంది. అలా వినిపించడానికి కారణం మనుచరిత్ర కవి అల్లసాని పెద్దనగారే, ఎందుకంటే పద్యానికి ముందున్న వచనంలో ఆయన ప్రవరుణ్ణి 'ఈషదంకురిత హసన గ్రసిష్ణు గండయుగళుడు' అన్నాడు. చెక్కిళ్ల మీద అప్పుడే మొలకెత్తుతున్న చిరునవ్వు అది. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు విధాలుగా విభజించి, మొదటిదైన స్మితానికి లక్షణం చెబుతూ కొద్దిగా వికసించిన చెక్కిళ్లు, పైకి కనబడని పళ్లు అన్నాడు. అక్కడి 'ఈషత్' అన్న మాటా చెక్కిళ్ల మాటా రెండూ ఇక్కడికి వచ్చి కూర్చున్నాయి. ఉత్తముల నవ్వు అలాగే ఉండాలని శాస్త్రం చెప్పింది కాబట్టి, ప్రవరుడు అతిథిని శంకించేటప్పుడు కూడా శాస్త్రం దాటలేదు!

ఆ పెద్దమనిషే సిద్ధుడు ఇచ్చిన పసరు కాలికి పూసుకొని, రెక్కల అవసరమే లేకుండా హిమాలయం మీద దిగాడు. పసరు మంచుకు కరిగిపోయింది. ఇప్పుడు ఇంటికి రావడానికి నిజంగానే రెక్కలు కావాలి. ఈ సంగతి కవి ఎక్కడా ఎత్తి చూపలేదు. సిద్ధుడితో అన్న మాట మనకు జ్ఞాపకముంటే నవ్వుకుంటాము, లేకపోతే ముందుకు సాగిపోతాము.

ఇక మీ అధ్యాపకులు నవ్విన చోటు. దారి తప్పి, భయపడి, దిక్కుతోచక ఉన్నవాడు ప్రవరుడు. అయినా అతడు ఎదుట నిలిచిన ఆమెను 'భీతహరిణేక్షణ' అని పిలుస్తాడు, అంటే బెదిరిన లేడి కన్నులదానా అని. నిజంగా బెదిరినది ఎవరో మనకు తెలుసు. ఆమె ఆ కన్నుల మాటనే పట్టుకొని 'ఇంతలు కన్నులుండ దెరువెవ్వరి వేడెదు భూసురేంద్ర' అంటుంది. అంతలేసి కన్నులు పెట్టుకొని దారి ఇంకొకరిని అడుగుతావేమయ్యా అని. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను ఏదో ఒక నెపం పెట్టి పలకరించడమే గాని, వచ్చిన దారి నీకు తెలియదా అని ఎత్తిపొడుస్తుంది. అక్కడ నెపం వెతుక్కుంటున్నది ఎవరు? అతడు నిజంగానే దారి తప్పాడు. మనసు తప్పినది ఆమె. పద్యం చివర 'మాట లేటికిన్' అని, ఇంక మాటలెందుకన్నట్టు ముగించి, వెంటనే తన పుట్టుపూర్వోత్తరాలన్నీ సీసపద్యంలో ఏకరువు పెడుతుంది. మీ అధ్యాపకులు బహుశా అక్కడ నవ్వి ఉంటారు.

అన్నట్టు, అక్కడ ప్రవరుడు తన్ను గురించి చెప్పుకున్న 'ప్రవరాఖ్యుడ' అన్న మాటకు ప్రవరుడనే పేరుగలవాణ్ణని మాత్రమే అర్థం. మనవాళ్లు ఆ 'ఆఖ్యుడు' కూడా పేరులో భాగమే అనుకొని, ఆడపిల్లలను కన్నెత్తి చూడని కుర్రవాణ్ణి ప్రవరాఖ్యుడని పిలవడం మొదలుపెట్టారు.

వివరిస్తేనే అందే హాస్యం హాస్యమేనా అన్నారు. కర్నూలు బస్టాండులో ఒకసారి ఒకాయన అనంతపురం బోర్డు కిందనే నిలబడి, బెంచీ మీద కూర్చున్న పెద్దావిడను అనంతపురం బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడు. ఆమె చేతిలోని చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపకుండానే, 'అంతంత కండ్లు పెట్టుకోని నన్నడుగుతావేం నాయనా, బోర్డు నీ నెత్తిమీదే ఉండాది గదా' అన్నది. చుట్టూ ఉన్నవారంతా నవ్వారు, ఎవరికీ ప్రతిపదార్థం అవసరం కాలేదు. రాయలవారు పెద్దనకు ఇచ్చిన అగ్రహారాలలో ఒకటైన కోకటం మన కడప జిల్లా కమలాపురం దగ్గరిదే కాబట్టి, ఈ సీమ మాటతీరు ఆయన చెవిన పడే ఉంటుందని అనుకోవడం నాకు ఇష్టం. అది ఇష్టమే గాని రుజువు కాదు.

ప్రశ్న: హాస్యం, వ్యంగ్యం, వెటకారం అన్న మాటలను పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడుతున్నాయి. వీటికి తేడా ఉన్నదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: చిక్కంతా 'వ్యంగ్యం' తెచ్చినదే. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చర్చించిన వ్యంగ్యానికి నవ్వుతో సంబంధమే లేదు. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు నీటిలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున అని తీసుకుంటాము. ఆ పల్లె చల్లదనం, పవిత్రత మాటలలో లేకుండానే మనసుకు తోస్తాయి, అలా తోచినది వ్యంగ్యం. ఒకటి చెప్పి మరొకటి తోపింపజేయడమనే పోలికతో ఈ కాలంలో ఆ మాట ఎగతాళికి కూడా పేరయింది. లోకాన్ని, అధికారాన్ని తప్పుపట్టే రచనకు మనకు 'అధిక్షేపం' అన్న మంచి మాట ఉన్నది, ఆ కోవకు చెందిన శతకాలను అధిక్షేప శతకాలనే అంటున్నాము. వెటకారం శాస్త్రం మాట కాదు, ఇంటి మాట. అది గొంతులో ఉంటుంది గాని కాగితం మీద పూర్తిగా నిలవదు.

ప్రశ్న: తెనాలి రామలింగని కథలలో ఉన్న చమత్కారం ఆయన కావ్యంలో కూడా ఉన్నదా? నిగమశర్మ అక్క ముక్కర కోసం ఏడ్చిన చోట నవ్వాలా, జాలిపడాలా?
– గృహిణి, కడప

జవాబు: రాజసభలో పిల్లులు, దొంగలు, మాయోపాయాలు ఉన్న ఆ కథలు లోకం కల్పించుకున్నవి. వాటిని చరిత్రగా తీసుకోనక్కరలేదు. తన కావ్యమైన పాండురంగ మాహాత్మ్యంలో రామలింగడు నవ్వించే తీరు వేరు, దానికి మీరడిగిన ఘట్టాన్ని మించిన సాక్ష్యం లేదు.

నిగమశర్మ చెడు సావాసాలతో తండ్రి ఆస్తిని తగలేస్తుంటే, అత్తవారింటి నుండి అక్క వచ్చి బుద్ధులు చెబుతుంది. తమ్ముడు కొన్నాళ్లు మారినట్టే కనిపిస్తాడు. ఒకనాటి రాత్రి ఇంట్లోని నగలన్నీ మూటగట్టుకొని ఉడాయిస్తాడు. తెల్లవారాక అక్క దుఃఖంలో ముందుకు వచ్చేది తన ముక్కరే. తమ్ముణ్ణి దారిలో పెట్టడానికి వచ్చిన ఇంటి ఆడపడుచు, తమ్ముడు పోయాడన్న దానికంటే ముక్కర పోయిందని ఎక్కువ వగచిందని మనము నవ్వుతాము. కాని ముక్కర పెట్టెలో దాచుకునే నగ కాదు, ముఖాన ఉండేది. అత్తవారింటికి తిరిగి వెళ్లినప్పుడు బోసిముక్కును చూసి అడిగిన ప్రతివారికీ తమ్ముడి ఘనత చెప్పుకోవలసి వస్తుంది. అందువల్ల నవ్వడానికీ జాలిపడడానికీ మధ్య మీరు ఎంచుకోనక్కరలేదు, మొదటిసారి చదివినప్పుడు నవ్వు వస్తుంది, ఆడపడుచుగా మరోసారి చదివితే నవ్వు కొంచెం తగ్గుతుంది.

అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఈమె మీద 'నిగమశర్మ అక్క' అన్న పేరుతోనే వ్యాసం వ్రాశారు. ఆయనకు కూడా వేరే పేరు పెట్టే వీలు లేకపోయింది. ఇంతటి మనిషిని మన కళ్లముందు నిలబెట్టిన కవి, ఆమెకు పేరు మాత్రం పెట్టలేదు.