పెట్టె వెనకవైపు చదువు

అమ్మాయీ,

"చక్కెర లేదు అని రాసి ఉన్న తిండి పెట్టెలే కొంటున్నాను పెద్దమ్మా" అని ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో నేనూ అలాగే కొన్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్టె ముందువైపు ఉన్నది అమ్మేవాళ్ల మాట. నీకు కావలసింది వెనకవైపు పట్టికలో ఉంటుంది. అక్కడ ముందుగా చక్కెర వరుస కాదు, మొత్తం కార్బోహైడ్రేట్ల వరుస చూడు. చక్కెర అందులో ఒక భాగమే. మిగిలినదాంట్లో చాలావరకు పిండే, అదీ జీర్ణమయ్యాక గ్లూకోజుగానే మారుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి అయితే పెద్దగా తీపి ఉండదు, చాలావరకు చక్కెర లెక్కలోకీ రాదు, కానీ రక్తంలో గ్లూకోజును చాలా వేగంగా పెంచుతుంది. ఆ పేరు కనిపిస్తే నేను పెట్టెను తిరిగి అరలో పెట్టేస్తాను. తీపి కోసం వేసే మాల్టిటాల్‌ను కూడా సున్నాగా లెక్కించకు. అదీ కొంత గ్లూకోజును పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలు అవుతాయి.

పీచు సంగతి వేరు. అది గ్లూకోజుగా మారదు. ఓట్స్‌లో ఉండే కరిగే పీచు కడుపులో జిగురులా మారి, తిన్న పిండి నెమ్మదిగా ఒంటికి పట్టేలా చేస్తుంది. తవుడులో ఎక్కువగా ఉండే కరగని పీచు విరేచనం సాఫీగా అయ్యేలా చూస్తుంది. లేబుల్ మీద చాలాసార్లు రెండింటినీ కలిపి ఒకే అంకెగా ఇస్తారు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అమెరికా లేబుల్‌లో మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కలిసే ఉంటుంది. ఆ మొత్తం 30 గ్రాములై, అందులో పీచు 8 అయితే, ఇన్సులిన్ లెక్కలోకి వచ్చేవి మిగిలిన 22. ఐరోపా లేబుల్‌లో పీచును ముందే తీసేసి, విడిగా చూపిస్తారు. అది తెలియక ఒక నెలపాటు రెండోసారి తీసేశాను. ఆ లెక్కతో ఇన్సులిన్ తక్కువ వేసుకుని, షుగరు ఎందుకు పెరుగుతోందో అర్థంకాక ఏడ్చాను. నువ్వూ ఇన్సులిన్ వేసుకుంటున్నావు కనుక, పెట్టె ఏ దేశానిదో చూడకుండా పీచును తీసెయ్యకు.

ఇంకొకటి. ఆ అంకె 30 గ్రాముల వడ్డనకో (అంటే ఒకసారి తినడానికి వాళ్లు అనుకున్న కొలతకో), 100 గ్రాములకో చూడు. గిన్నెలో పోసుకునేది 60 గ్రాములైతే, వడ్డనకు ఇచ్చిన అంకె రెట్టింపవుతుంది. వంటింటి త్రాసు ఒకటి కొనుక్కో. రెండు పెట్టెలను పోల్చాలంటే మాత్రం 100 గ్రాముల వరుసే చూడాలి.

పెద్దవాళ్లు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కరోజులో అంత పెంచితే కడుపు ఉబ్బుతుంది, వారం వారం కొద్దికొద్దిగా పెంచు, నీళ్లు బాగా తాగు. ఇన్సులిన్ మోతాదు మార్చే ముందు డాక్టరును అడుగు.

ఇంట్లో ఉన్న పెట్టెలన్నిటి వెనకవైపు ఫోటో తీసి పంపు. ఆదివారం ఫోనులో ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.

నీ పెద్దమ్మ