ఇంటిపేరు వాళ్లదైతే పాప వాళ్లదేనా?

ప్రశ్న: మేడమ్, నిరుడు లారీ ప్రమాదంలో మా చెల్లెలు, మరిది ఇద్దరూ పోయారు. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి తెనాలిలో మా దగ్గరే ఉంటూ ఇక్కడే నాలుగో తరగతి చదువుతోంది. పాప నానమ్మ, బాబాయి ఒంగోలులో ఉంటారు. 'ఇంటిపేరు మాది, పిల్లా మాదే' అంటున్నారు. మా మరిది కట్టుకున్న ఇల్లు అమ్మేద్దామని బాబాయి తొందరపడుతున్నాడు. నేనే గార్డియన్‌నని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించాను. అది చెల్లదని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు. కోర్టుకెళ్తే పాపని బోనెక్కిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- పాప పెద్దమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, బ్యాంకువాళ్లు చెప్పింది నిజమే. ఆ సంతకం మీదేనని నోటరీ ముద్ర చెబుతుందంతే, మిమ్మల్ని గార్డియన్‌ని చేయదు. ఇలాంటి కాగితాన్ని లామినేషన్ చేయించి మరీ తెచ్చి చూపించేవాళ్లు నా ఆఫీసుకి ఇప్పటికీ వస్తూనే ఉంటారు.

ఇంటిపేరు సంగతి చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం పెళ్లికాని ఆడపిల్లకు సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఆ వరుసలో బాబాయి లేడు, నానమ్మ లేదు, మీరూ లేరు. తల్లిదండ్రులు వీలునామాలో ఎవరి పేరైనా రాసి ఉంటే తప్ప, ఇక కోర్టు నియమించాల్సిందే.

దానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాలి. కోర్టు వరండాల్లో దీన్ని 'జీడబ్ల్యూఓపీ' (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. పాప మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టుకే అధికారం కాబట్టి మీరు ఒంగోలు తిరగనక్కర్లేదు. తెనాలి బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ అందుకు పనికొస్తుంది, ముందు అది తీసుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్, ఇద్దరి డెత్ సర్టిఫికెట్లు ఎలాగూ ఉండాలి. గార్డియన్‌గా ఉండటానికి మీకు సమ్మతమేనని ఒక కాగితం రాసి సంతకం చేయాలి. దానిమీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. పాపకున్న బంధువుల పేర్లు దాచకుండా రాయండి. కోర్టు నానమ్మవాళ్లకి నోటీసు పంపుతుంది, వాళ్లు వచ్చి కౌంటర్ వేస్తారు, అంటే మీ పిటిషన్‌కి రాతపూర్వకంగా జవాబిస్తారు. అది కోర్టు పద్ధతి, దానికి కంగారు పడొద్దు.

ఇప్పుడు మీకు అంతగా రుచించని మాట. 2022లో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. కోవిడ్‌లో అమ్మానాన్నలు పోయిన బాబు కోసం ఒకవైపు తల్లి అక్కచెల్లెళ్లలో ఒకరు, మరోవైపు నానమ్మ, తాతయ్య. ఆవిడ వయసులో చిన్న, ఉద్యోగం ఉంది. హైకోర్టు బాబుని ఆవిడకే అప్పగించింది. సుప్రీంకోర్టు దాన్ని మార్చి తాతా నానమ్మలకిచ్చింది. జీతం, వయసు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు అనేవి మాత్రమే చూసి పిల్లల్ని అప్పగించలేమంది. కాబట్టి 'నాకు జీతం ఎక్కువ' అనే వాదన మీద ఆధారపడకండి. పాప ఈ ఏడాదంతా ఎవరి పక్కన పడుకుంది, జ్వరమొస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్లారు, బడి మీటింగుకి ఎవరు వెళ్లారు - మీ అఫిడవిట్ నిండా ఇవే ఉండాలి.

పాపని బోనెక్కించరు. సాధారణంగా జడ్జిగారు ఛాంబర్లో కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. సొంతంగా ఆలోచించి చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టాన్నీ పరిగణించవచ్చని చట్టమే చెబుతోంది. ఇంటి దగ్గర మాటలు నేర్పి పంపకండి. తొమ్మిదేళ్ల పిల్ల 'నా సంక్షేమం దృష్ట్యా' అంటే ఆ మాట ఎవరు నేర్పారో జడ్జిగారికి తెలియదా!

ఇల్లు మీ మరిది సంపాదించి కట్టుకున్నదై, వీలునామా లేకపోతే, అందులో పాపతో పాటు ఆయన తల్లికి కూడా వాటా ఉంది. ఈ మాట మీ ప్లీడరు చెప్పకపోతే ఎదుటివాళ్ల ప్లీడరు చెబుతాడు. బాబాయికి మాత్రం, తల్లి బతికుండగా, అన్న ఆస్తిలో వారసుడిగా వాటా రాదు. పాప వాటాను ఆయన అమ్మలేడు, మీరూ అమ్మలేరు. గార్డియన్‌గా నియమితులైన తర్వాత కూడా అమ్మకానికి, తాకట్టుకి, అయిదేళ్లు మించిన లీజుకి కోర్టు అనుమతి తీసుకోవాలి. అందుకే, పాప డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంచాలని, ఖర్చులకు కోర్టు అనుమతించిన వడ్డీ మాత్రమే తీసుకుంటానని మీ పిటిషన్‌లో మీరే అడగండి. ఆస్తి కోసం పిల్లని పట్టుకుందన్న మాట అనడానికి అవతలివాళ్లకు సందు ఉండదు.

నానమ్మ పాపని చూసే రోజులు కూడా మీరే ప్రతిపాదించండి. కొడుకుని పోగొట్టుకున్న మనిషావిడ. పైగా ఆవిడకి, బాబాయికి ఉద్దేశాలు ఒకటే కాకపోవచ్చు.

కేసు తేలేలోపు పాప మీ దగ్గరే ఉండేలా పిటిషన్‌తో పాటే మధ్యంతర ఉత్తర్వు అడగండి. ప్లీడరు ఫీజు భారమైతే, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి. ఇంటి అసలు దస్తావేజు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఆ ఇంటిమీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అప్పుడప్పుడూ తీయించి చూస్తూ ఉండండి.