చెరువు ఒడ్డున ఇల్లు సరే, మత్తడి ఎక్కడుందో చూశారా?

ప్రశ్న: మాది కోనసీమ. నాన్నకు గోదావరిలో గాలం వేయడమంటే ప్రాణం. నేను హైదరాబాద్‌లో స్థిరపడ్డాక, ఆయన నీళ్లు చూస్తూ శేషజీవితం గడపాలని నగర శివారులో చెరువు ఒడ్డున 300 గజాల విల్లా ప్లాటు మాట్లాడుకున్నాను. మొత్తం 12 ప్లాట్లు. ‘ఇంటి వెనకే పడవ రేవు, చేపలు పట్టుకునే హక్కు’ అని బ్రోషర్‌లో వేశారు. అమ్మేది మేనమామ వరసాయన కావడంతో నమ్మి 22 లక్షలిచ్చాను. అందులో 8 లక్షలు నగదు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అది బఫర్ జోన్ అంటున్నారు. మామయ్యేమో ‘ముందు రిజిస్ట్రేషన్ చేయించుకో, మట్టి పోసి ప్రహరీ కట్టేస్తే ఎవరూ కదపలేరు’ అంటున్నాడు. నాన్న దిగులుతో అన్నం కూడా సరిగా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో గోదావరి ఉంది, గాలం ఉంది, మేనమామ ఉన్నాడు. సర్వే నంబరు లేదు. చెరువు పేరు లేదు. నాకు కావలసినవి ఆ రెండే.

మీ కేసు తేలేది ఒక్క గీత మీద. చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటే మత్తడి, అలుగు అని కూడా అంటారు. చెరువు పూర్తిగా నిండి మత్తడి దూకే మట్టం ఒకటుంటుంది. ఆ మట్టానికి నీరు ఎంతవరకు పరుచుకుంటుందో అదే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత. మీరు ప్లాటు చూడటానికి ఏ నెలలో వెళ్లారు? వేసవిలో అయితే మీరు చూసిన ‘ఒడ్డు’ ఒడ్డు కాదు, చెరువు కడుపు. నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయన్నది చట్టానికి పట్టదు. 2012 నాటి జీవో 168 భవన నియమాల ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల ఎలాంటి నిర్మాణమూ కుదరదు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు బఫర్ వదలాలి.

‘పట్టా ఉంది, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూశాం’ అంటారేమో. పట్టా నిజమే అయి ఉండొచ్చు, చిక్కంతా అక్కడే. తెలంగాణలో శిఖం పట్టాలని ఉన్నాయి, అంటే చెరువు గర్భంలోని భూమికి ఇచ్చిన పట్టాలు. నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టడానికి లేదు. ఈసీలో అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి, నీళ్లు కనిపించవు. చూడాల్సింది పాత పహాణీ (ఏటా భూమి, సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు), గ్రామ పటం, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువు మ్యాపు. 22 లక్షలు పోసేముందు ఆ మ్యాపు ఒక్కసారి తెరవలేదా? పెళ్లి సంబంధానికైనా ఇంతకంటే ఎక్కువ వాకబు చేస్తాం కదండీ.

ఇక ఆ రేవు, ఆ చేపలు. ఒడ్డున ఇల్లున్నంత మాత్రాన చెరువులో హక్కు రాదు. చేపల హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘానికి లీజులో ఉంటుంది. పడవ కట్టే దిమ్మె కూడా ఎఫ్‌టీఎల్‌లో నిర్మాణమే. మీ మామయ్య తనది కాని నీళ్లను మీకు అమ్మజూపాడు. మీకు కోపం రావాల్సిన సంగతే, కాకపోతే కోర్టులో మీకు పనికొచ్చేదీ ఇదే. ఆ బ్రోషర్ మీ కేసుకు వెన్నెముక. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 12 ప్లాట్ల లేఅవుటు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బిచ్చి నష్టపోయినవారు తప్పుకోదలిస్తే మొత్తం వడ్డీతో సహా తిరిగివ్వాలని రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. నమోదు కాలేదా? అది మరో తప్పు.

నన్ను కంగారు పెడుతున్నది గడువు. డబ్బు వాపసు దావాకు మూడేళ్లు. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదిస్తాం, లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ ఉంది. కాస్త జాగ్రత్తపడితే మొదటి రోజే తెలిసేదని అవతలి వకీలు అదే సెక్షన్ చూపిస్తాడు. ఆ వాదనలో మీరే గెలుస్తారని నేను రాసివ్వలేను. అందుకే డబ్బిచ్చిన తేదీ నుంచే లెక్కేసుకోండి. ఆ లెక్కన మీకున్నది నాలుగు నెలలు. ముందిచ్చిన సొమ్ముకు ఆ స్థలం పైనే చార్జ్, అంటే దాన్ని అమ్మించి రాబట్టుకునే హక్కు, ఉంటుందనీ, దానికి 12 ఏళ్ల గడువనీ ఎవరైనా ధైర్యం చెప్పొచ్చు. చట్టంలో ఉన్న మాటే. నీళ్లలో ఉన్న భూమిని వేలం వేస్తే పాడేదెవరు?

లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ‘మీ డబ్బు ఇవ్వాలి’ అని గడువు లోపల ఆయన సంతకంతో రాసిస్తే మాత్రం, ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. ‘ఇస్తాలే అల్లుడూ’ అన్న మాటకు ఆ బలం లేదు.

మామయ్య చెప్పిన దారి మాత్రం కలలో కూడా తొక్కకండి. అంతా తెలిసి రిజిస్ట్రేషన్ చేయించుకున్న మరుక్షణం మీరు మోసపోయినవారు కారు, ఆక్రమణదారు. మట్టి పోస్తే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద కేసు మీ మీదే, టిప్పర్ల లెక్క చెప్పాల్సిందీ మీరే. కూల్చేముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పిందిగా అంటారేమో. రోడ్లు, జలవనరుల్లోని అక్రమ కట్టడాలకు తన ఆదేశం వర్తించదని ఆ తీర్పులోనే రాసింది. ఇంకో కొనుగోలుదారుకు అంటగడదామన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అప్పుడు మామయ్య స్థానంలో మీరు నిలబడతారు.

నగదు 8 లక్షల సంగతి. రసీదు ఉందా? లేకపోతే సాక్షి ఎవరు? స్థిరాస్తి అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. జరిమానా తీసుకున్నవాడికే. అయితే 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే ఆదాయపన్ను శాఖకు తెలపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. ఆ డబ్బు ఎక్కడిదో చూపే కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

క్రమం ఇలా పెట్టుకోండి. ప్లాటు అక్షాంశ రేఖాంశాలు తీయించి, ఎఫ్‌టీఎల్ పటం నకలు కోసం నీటిపారుదల శాఖకు, హెచ్‌ఎండీఏకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబు కోసం ఆగకుండా నోటీసు ఇప్పించండి. మామయ్య రాజీకి వస్తే సంతకం చేసిన ఒప్పుకోలు పత్రం, తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. నెల చూడండి, రాకపోతే రెరా. అది ఆ పరిధిలోకి రాకపోతే సివిల్ కోర్టు. పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగి ‘ఇది సివిల్ తగాదా’ అనిపించుకునే లోపు ఈ నాలుగు నెలలూ కరిగిపోతాయి. ఫిర్యాదు ఇస్తే ఇవ్వండి, దాన్నే నమ్ముకోకండి. సర్వేలో ప్లాటు బఫర్ బయట ఉందని కాగితం మీద తేలితే అప్పుడు రిజిస్ట్రేషన్ సంగతి మళ్లీ అడగండి. నాన్నగారి గాలానికి అప్పుడైనా మత్స్య సంఘం అనుమతి కావాలి.

బ్రోషర్ వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. వాటిని భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి. ఆ ఫోను, అసలు అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఈ వారంలోనే వకీలు దగ్గరికి వెళ్లండి.