మైనర్ కార్డ్‌లకు లొంగని వరుస

ప్రశ్న: గురువు లేకుండా సొంతంగా గిటారు నేర్చుకున్నవాడిని. ఇంగ్లండ్‌కు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969లో విడుదల చేసిన ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. అందులోని ‘మాటీ గ్రోవ్స్’ అనే జానపద కథాగీతాన్ని (బ్యాలడ్) విశ్లేషించి రాసుకుందామని కూర్చుంటే ఎ మైనర్, డి మైనర్, ఇ మేజర్ అనే మామూలు మైనర్ కార్డ్‌ల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) క్రమం ఎంతకీ కుదరడం లేదు. పైగా ఒకే వరుస (మెట్టు) ఎనిమిది నిమిషాల సేపు తిరుగుతుంటే విశ్లేషించడానికి అందులో ఏముందన్న అనుమానం కూడా కలుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కుదరడం లేదని మీ చెవి చెబుతున్నది నిజమే. కార్డ్‌లను కాసేపు పక్కన పెట్టి, గాయని శాండీ డెన్నీ పాడిన వరుసను మాత్రమే ఒక్కొక్క స్వరంగా గిటారు మీద పట్టుకోండి. సౌలభ్యం కోసం షడ్జాన్ని (స) ఎ అనుకుంటే గాంధారం (గ) సి దగ్గర, నిషాదం (ని) జి దగ్గర పలుకుతాయి. కర్ణాటక సంగీత పరిభాషలో ఇవి సాధారణ గాంధారం, కైశికి నిషాదం. ఇ మేజర్ కార్డ్‌లో ఉండేదేమో జి షార్ప్, అంటే కాకలి నిషాదం. వరుసలో లేని ఆ స్వరాన్ని కార్డ్ బలవంతంగా తెచ్చిపెడుతుంది కనుకనే మీకు అపశ్రుతిగా తోస్తోంది. దాని స్థానంలో జి మేజర్‌నో ఇ మైనర్‌నో వేసి చూస్తే పాట వెంటనే తెరిపిన పడుతుంది. ఇంగ్లండ్ జానపద గాయకులు ఇటువంటి కథాగీతాలను ఎక్కువగా వాద్య సహకారం లేకుండానే పాడేవారు. అందుచేత ఈ తరహా పాటల్లో వరుసను బట్టి కార్డ్‌ను వెతుక్కోవాలే తప్ప, కార్డ్‌ల చట్రంలో వరుసను ఇరికించకూడదు.

ఇక మీరే తేల్చుకోవలసింది ధైవతం (ద) సంగతి. అది ఎఫ్ అయితే స్వరస్థానాలు మన నటభైరవి రాగానికీ, పాశ్చాత్యుల ఏయోలియన్ అనే స్వరశ్రేణికీ సరిపోతాయి. ఎఫ్ షార్ప్ అయితే ఖరహరప్రియకూ, డోరియన్‌కూ సరిపోతాయి. (ఈ పోలిక స్వరస్థానాల వరకే, గమకాలు లేనిచోట రాగం ఉందనడం సాహసమే అవుతుంది.) కొన్ని జానపద వరుసలు ధైవతాన్ని తాకీ తాకనట్టు దాటిపోతాయి. అలాంటప్పుడు డి మేజర్ వేయాలా, డి మైనర్ వేయాలా అన్న నిర్ణయం వాద్యకారుడిదే అవుతుంది, ఆ ఒక్క నిర్ణయంతో పాట స్వభావమే మారిపోతుంది. గాయని స్వరాన్నీ, బేస్ గిటార్‌నూ, ఫిడేలునూ వేర్వేరుగా విని, ఎవరు ఏ ధైవతాన్ని పలికిస్తున్నారో మూడు పంక్తుల్లో రాసుకోండి. నా దృష్టిలో ఈ ఒక్క కాగితం కార్డ్‌ల పుస్తకం మొత్తం కంటే విలువైనది.

ఒకే మెట్టు తిరుగుతోందన్న మీ అనుమానానికి జవాబు సాహిత్యంలోనే ఉంది. అమెరికన్ పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 వరకు వెలువరించిన సంకలనంలోని 305 కథాగీతాలలో ఈ కథది 81వ సంఖ్య. చైల్డ్ ప్రధానంగా సేకరించింది మాటలనే. వాటి వరుసలను బెర్ట్రాండ్ బ్రాన్సన్ అనే మరో పండితుడు 1959 నుంచి నాలుగు సంపుటాలుగా తెచ్చాడు. మాటలూ వరుసలూ ఇలా విడివిడిగా ప్రయాణించగలగడానికి కారణం ఛందస్సు: నాలుగు పాదాల చరణంలో నాలుగు, మూడు, నాలుగు, మూడు చొప్పున ఊనికలు పడతాయి కనుక, అదే కొలతగల ఏ వరుసలోనైనా ఈ మాటలు ఒదిగిపోతాయి. ఫెయిర్‌పోర్ట్ వారు పాడిన వరుస ‘షేడీ గ్రోవ్’ అనే అమెరికన్ జానపద గీతానికి దగ్గరిది. మరో కథాగీతపు వరుసలో ఈ మాటలను పాడి చూస్తే, కథలో మాటల బలమెంతో, వరుస బలమెంతో మీకే తెలుస్తుంది.

మెట్టు మారని చోట మారేదల్లా వాద్య సమ్మేళనమే. చరణాలకు సంఖ్యలు వేసుకొని, డేవ్ మ్యాటక్స్ డ్రమ్స్ ఎక్కడ బరువెక్కుతున్నాయో, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు ఎక్కడ గాత్రానికి బదులు పలుకుతోందో, ఎక్కడ వెనక్కి తగ్గుతోందో గుర్తించండి. హత్యతో కథ ముగిశాక ఫిడేలు, రిచర్డ్ థాంప్సన్ గిటారు కలిసి సాగించే సుదీర్ఘ వాద్యభాగాన్ని చాలామంది అదనపు అలంకారంగా కొట్టిపారేస్తారు. నాకు మాత్రం, కథ చెబుతున్నంతసేపూ అణచిపెట్టిన ఉద్వేగమంతా అక్కడే బయటపడుతుందనిపిస్తుంది.

ప్రశ్న: పాట వేగాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడితే చెవి మొద్దుబారుతుందా?

జవాబు: మొద్దుబారదు. శ్రుతి మారకుండా వేగాన్ని సగానికి తగ్గించి ఫిడేలు పలుకులను రాసుకోండి, కాని సరిచూసుకునేటప్పుడు మాత్రం అసలు వేగంలోనే వినండి. ఆనాటి టేపు రికార్డింగులు ఒక్కొక్కసారి నేటి ప్రామాణిక శ్రుతికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి కనుక, ముందుగా ట్యూనర్‌ను నమ్మకుండా గిటారును రికార్డుకే శ్రుతి చేసుకోవడం మంచిది.