దిండు గలీబు మీది తెల్లమచ్చలు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు ఉన్నాయి. మొటిమలకు రాసుకుంటున్న మందు మంట పుట్టిస్తోంది, ఆపేయాలా అన్నది ఒకటి. స్నేహితురాలు తాను వాడగా మిగిలిన మాత్రలు ఇస్తానంటోంది, వేసుకోవచ్చా అన్నది రెండోది. మూడోది ప్రశ్న కూడా కాదు, నెలాఖరుకల్లా ముఖం తేటపడాలన్న ఆజ్ఞ. ముప్పై ఏళ్లు మందుల దుకాణం బల్ల వెనుక నిలబడినదాన్ని కనుక నా పేచీ ఆ మూడోదానితోనే. ఏ మొటిమల మందైనా పనిచేస్తోందో లేదో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ గడువు ఓర్చుకోలేకనే చాలామంది ముఖాలు పాడుచేసుకుంటారు.

నేనూ ఆ బాపతే. నీ వయసులో 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల పూతమందు తెచ్చి, ఘాటైనదే గొప్పదనుకుని రోజుకు మూడుసార్లు పట్టించాను. వారం తిరిగేసరికి ముఖం పాత గోడలా పెచ్చులు లేచింది. ఆ మందు బట్టల రంగు పోగొడుతుంది కనుక నీలం దిండు గలీబు మీద తెల్లమచ్చలు పడ్డాయి. మీ అమ్మమ్మ నా ముఖం సంగతి వదిలేసి గలీబు గురించి తిట్టింది. ఎర్రగా వాచిన మొటిమల మీద 2.5 శాతం మందు కూడా దాదాపు అంతే పనిచేస్తుందనీ, మంట మాత్రం తక్కువనీ చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

నీ ట్యూబు మీద ట్రెటినాయిన్ అని ఉందన్నావు. దానితో మొదటి కొన్ని వారాలు చర్మం ఎండిపోవడం, ఎర్రబడడం, పొట్టు లేవడం, మొటిమలు ఇంకా ఎక్కువైనట్లు కనిపించడం మామూలే. ఆ మంటకు భయపడి మందు ఆపనక్కర్లేదు, వాడే తీరు మార్చుకో. ముఖం కడిగి బాగా ఆరాక, రాత్రిపూట మాత్రమే, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత రాయి. కనిపించిన ప్రతి మొటిమ మీదా చుక్క పెట్టే మందు కాదది. కళ్ల చుట్టూ, ముక్కు మడతలు, పెదవుల చివరలు వదిలెయ్యి. మంట ఎక్కువైతే రోజు విడిచి రోజు వాడు, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద మందు రాయి. పగలు సన్‌స్క్రీన్ మరవకు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది. బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా వాడుతుంటే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. రెండూ కలిపి రాస్తే బెంజాయిల్ పెరాక్సైడ్ ట్రెటినాయిన్‌ను విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తుంది.

ఇక ఓర్చుకోకూడనివి. కళ్లు, పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, తల తిరిగి పడిపోయేలా ఉన్నా మందు కడిగేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దుకాణంలో చీటీ లేకుండా దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆమ్లం రకాలతో అరుదుగా ఇలా జరుగుతుందని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నిమిషాల్లోనూ రావచ్చు, ఒక రోజు గడిచాకైనా రావచ్చు. అందుకే కొత్త ట్యూబు ఏదైనా ముందు మూడు రోజులు కొంచెం చోటులోనే రాసి చూడు.

మాత్రల సంగతి. నువ్వు రాసిన పేరు ఐసోట్రెటినాయిన్. లోతుగా గడ్డకట్టి మచ్చలు మిగిల్చే మొటిమలకు దానంత మందు లేదు, దాన్ని నేను తిట్టను. కానీ అది చేతులు మారే మందు కాదు. అది వాడుతుండగా గర్భం వస్తే బిడ్డ మెదడు, గుండె, ముఖం, చెవులు దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే మొదలుపెట్టే ముందు ఒక నెల, వాడినన్నాళ్లు, ఆపాక ఇంకో నెల గర్భం రాకూడదని గట్టిగా చెబుతారు. ఆ రక్తం గర్భిణికి ఎక్కవచ్చు కనుక వాడినన్నాళ్లూ, ఆపాక ఒక నెలా రక్తదానం కూడా కూడదు. కాలేయానికి, రక్తంలో కొవ్వుకు పరీక్షలు ఉంటాయి. పెదవులు పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, దానికి లేపనం చాలు. మనసు కుంగినట్లు అనిపిస్తే మాత్రం దాచకుండా డాక్టరుకు చెప్పాలి. విటమిన్ ఎ మాత్రలు దాంతో కలపకూడదు. మొటిమలకు ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రలు డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ అసలే కలపకూడదు. పుర్రెలో ఒత్తిడి పెరిగి, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం రావచ్చు. నీ స్నేహితురాలికి ఇవన్నీ చూసి ఇచ్చారు. నీకెవరు చూశారు?

డాక్సీసైక్లిన్ విడిగా నీకు రాసిస్తే, నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండు. మంచం మీద ఒక్క గుక్కతో మింగి నిద్రపోయి, మర్నాడు గుండెల్లో మంటతో మా దుకాణానికి వచ్చినవాళ్లను చూశాను. మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా.

నాకు అన్నిటికంటే భయం వేసేది మాత్రం రెండు రోజుల్లో ముఖం మెరిపించే క్రీము. అంత త్వరగా ఎరుపు తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించు. కొన్నాళ్లకు చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఆపగానే మొటిమలు రెట్టింపుగా తిరిగి వస్తాయి. అప్పుడు మళ్లీ అదే రాస్తారు. ట్యూబు మీద మందు పేరు చివర 'సోన్' అని ఉంటే అది స్టెరాయిడ్ కావచ్చు, ఆగు. క్లోబెటసాల్ కూడా స్టెరాయిడే, దానికి ఆ తోక ఉండదు, అదీ గుర్తుపెట్టుకో. ఇప్పటికే వారాల తరబడి రాస్తుంటే నీ అంతట నువ్వు ఆపకు, డాక్టరుకు చూపించు.

మీ వదినకు నెల తప్పిందని విన్నాను. నీ ట్యూబు ఆమెకు ఇవ్వకు. మొటిమలకే రాసే అజెలాయిక్ ఆమ్లం గురించి తన డాక్టరును అడగమను.

ఇంట్లో ఉన్న ట్యూబులు, మాత్రలు అన్నిటి పేర్లూ, శాతాలూ రాసి పంపు. మొటిమలకు కానివి కూడా. ఈలోగా రెండు తెల్ల గలీబులు పంపిస్తున్నాను.

నీ పెద్దమ్మ