నిపుల్ సంగతి తర్వాత, ముందు ఆ నీలం గురించి చెప్పండి

ప్రశ్న: మా పాప 30 వారాలకే పుట్టింది. ఇప్పుడు 25 రోజులు. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ట్యూబుతోనే పాలు పోస్తున్నారు. పెదాలు చప్పరిస్తోందని మొన్న సీసాతో కొంచెం పట్టాం. పొలమారి పెదాలు నీలంగా అయ్యాయి, కాసేపటికి సర్దుకుంది. నిపుల్ రంధ్రం పెద్దది చేస్తే సులువుగా తాగుతుందా? ట్యూబు ఎప్పుడు తీస్తారు?

జవాబు: అమ్మా, 'పట్టాం' అన్నారు. సిస్టర్ దగ్గరుండి పట్టించారా, మీరే పట్టారా? మీరే అయితే ఈ రోజే వార్డు డాక్టరుకు చెప్పండి. తిడతారని దాచొద్దు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయేమో వాళ్ళు చూసుకోవాలి.

రంధ్రం మాత్రం పెద్దది చేయకండి. పాప ఇబ్బంది పాలు రాకపోవడం కాదు, వచ్చిన పాలను ఊపిరితో సర్దుకోలేకపోవడం. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరసలో కుదరడం సాధారణంగా గర్భం లెక్కలో 32-34 వారాల మధ్య మొదలవుతుంది, గట్టిపడడానికి ఇంకొంత కాలం పడుతుంది. కడుపులో 30 వారాలు, బయట 25 రోజులు కలిపితే మీ పాపకు ఇప్పుడు 33 వారాలు దాటింది, అంటే గడప మీద ఉంది. ధార పెరిగితే గుటక మీద గుటక వేస్తూ ఊపిరి తీయడం మరిచిపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది. మీరు చూసిన నీలం బహుశా అదే.

చప్పరించడం మంచి గుర్తే, కానీ అదొక్కటే చాలదు. పాలవేళకు తనంతట తాను మేలుకుని, చెయ్యి నోటికి తెచ్చుకుని, బుగ్గ తాకితే అటు తల తిప్పుతోందా? ఊపిరి నిలకడగా ఉందా? ఇవన్నీ చూశాకే నోటితో మొదలుపెడతారు. తాగుతూ వేళ్ళు విచ్చుకుని చాపినా, నుదురు ముడిచినా, పాలు పెదవి పక్కనుంచి కారుతున్నా ఆపేయాలి. 'ఇంకో రెండు ఎం.ఎల్. ఉన్నాయి' అని అరికాలు గిల్లి లేపి పట్టేవాళ్ళను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయొద్దు.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని చాలానే ఉంది. డాక్టరు ఒప్పుకుంటే పాపను ఛాతీకి ఆనించుకుని కంగారూ కేర్ ఇవ్వండి. పాలు పిండేశాక, ట్యూబు ఫీడ్ సమయంలో ఖాళీ రొమ్ము చీకనివ్వొచ్చేమో అడగండి. పాలు పిండడం రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గొద్దు, అందులో ఒకటైనా రాత్రి ఉండాలి.

పొట్ట ఉబ్బినా, పచ్చటి వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. ట్యూబు తీసే తేదీ పాపను చూడకుండా నేను చెప్పలేను. బరువొక్కటే చూసి తీసేది కాదు. మీ డాక్టరునే అడగండి, ఆ సీసా సంగతి చెప్పాకే.