గ్రామ సమాఖ్య ఇరవయ్యో వార్షికోత్సవమా? పాత తీర్మానాల పుస్తకాలు బయటికి తీయండి

ఆలూరు వైపు మీ ఊరి ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు ఇరవై ఏళ్లు నిండుతున్నాయని, శాలువాలు, ఉపన్యాసాలతో సరిపెట్టకుండా తక్కువ ఖర్చులో వార్షికోత్సవం ఎలా జరపాలని అడిగారు. నేను పత్తికొండ వైపు ఒక ఊళ్లో చాలా ఏళ్లుగా సమాఖ్య పుస్తకాలు రాస్తున్నాను. మా ఇరవయ్యో వార్షికోత్సవానికి దగ్గరుండి పనులు చూశాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: పాత తీర్మానాల పుస్తకాలు తెచ్చి, అందరి ముందు చదివించండి. తక్కిన కార్యక్రమమంతా దాని చుట్టూ అల్లుకోండి.

మా మొదటి పుస్తకాల్లో ప్రతి తీర్మానం కింద ఎక్కువగా వేలిముద్రలే కనిపిస్తాయి. చదవాల్సిన పేజీలు ఎంచడానికి తొలినాటి లీడర్లను పిలిచి కూర్చోబెట్టాం. అప్పు దేనికి తీసుకున్నారో రాసిన గడి ఒక్కటి వరుసగా చదువుతూ పోతే చాలు, ఊరి బతుకంతా అందులోనే ఉంది. మొదట్లో తిండి జొన్నలకు, విత్తన వేరుశనగకు, కాన్పు ఖర్చుకు, షావుకారు దగ్గర కుదువ పెట్టిన కమ్మలు విడిపించుకోవడానికి. కొన్నేళ్లకు గొర్రెలు, పాడి గేదె, కుట్టుమిషను వచ్చాయి. ఆ తర్వాత కూతురి కాలేజీ ఫీజు, కొడుక్కి ఆటో. ఇది చదువుతుంటే ముందు వరుసలో కూర్చున్న వాళ్లు తమ అప్పును తామే గుర్తుపట్టి చెయ్యెత్తడం మొదలుపెట్టారు.

2009 అక్టోబరు పేజీ మాకు అన్నిటికంటే ప్రియమైనది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగిపోయిన రోజులవి. ప్రతి సంఘమూ జొన్న రొట్టెలు కాల్చి నగరానికి పంపాలని తీర్మానం. పుస్తకంలో ఉన్నది రెండు వాక్యాలే. అది చదవగానే ఒక అవ్వ లేచి, పిండి ఎవరి ఇంటి నుంచి వచ్చింది, రాత్రంతా ఎవరి పొయ్యి వెలిగింది, రొట్టెల మూటలు ఏ ట్రాక్టరులో వెళ్లాయి, అన్నీ చెప్పింది. కాబట్టి ఒక్కో పేజీ చదివాక కాసేపు ఆగండి, తొందరపడకండి. చదువుకున్న అమ్మాయి ఒకరిని పక్కన కూర్చోబెట్టి ఆ మాటలు రాయించండి. ఫోనులో రికార్డు చేసినా మంచిదే.

కష్టకాలం పేజీలు కూడా దాటవేయవద్దు. 2010 నాటికి మైక్రోఫైనాన్స్ కంపెనీల వారం వాయిదాలు మా ఊరిని కుదిపేశాయి. సంఘంలో ఒక అప్పు, కంపెనీలో మరొకటి, ఆ వాయిదా కట్టడానికి ఇంకొకటి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాకే ఇళ్ల ముందు కూర్చునే వసూలుదారులు తగ్గారు. ఆ కాలంలో కొన్ని నెలల పాటు మా పుస్తకంలో సమావేశమే లేదు. 2014లో రుణమాఫీ వస్తుందన్న ఆశతో వాయిదాలు ఆగి, వడ్డీ మీద వడ్డీ పెరిగిన సంగతీ అందులో ఉంది. పండుగ పూట ఇవన్నీ ఎందుకని మాలో కొందరు అన్నారు. చదవాల్సిందేనని నేను పట్టుబట్టాను. ఇప్పుడు సంఘాల్లో చేరుతున్న కోడళ్లు అప్పుడు చిన్నపిల్లలు. ఈరోజు ఫోను యాప్‌లలో అప్పు చేస్తున్నది కూడా వాళ్లలోనే ఎక్కువ. అయితే బాకీ పడినవారి పేర్లు మాత్రం చదవకండి, జరిగినది చెబితే చాలు.

మన ఊరి పుస్తకం మొదలవడానికి ముందు కథ కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడటం, 1993 అక్టోబరులో సారా నిషేధం, ఆ వెంటే రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమానికి ఎంచుకున్న మూడు జిల్లాల్లో అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు కర్నూలు ఒకటి. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్య సంఘం ఎదిగింది ఆ రోజుల్లోనే. సంఘాలు కలిసి ఊరికొక సమాఖ్య, ఊళ్లు కలిసి మండలానికొక సమాఖ్య అనే పద్ధతి రాష్ట్రమంతా పాకకముందే మన జిల్లా ఆడవాళ్లు చేసి చూపించారు. మన పిల్లలకు ఈ సంగతి చెప్పేవారే లేరు. మీ సభలో తప్పక చెప్పించండి.

ఇక తేదీ. సమాఖ్య పుట్టిన తేదీనే పట్టుకుని కూర్చోకండి. మీ వైపు ఖరీఫ్ పంట అయిపోగానే సగం ఊరు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు సుగ్గికి (వలస) వెళ్తుంది కదా. ఆ నెలల్లో సభ పెడితే వచ్చేది ఊళ్లో మిగిలినవారే. అందరికంటే పేదవాళ్లు, ఈ సంఘం ఎవరి కోసం పుట్టిందో వాళ్లు, ఉండరు. మేము ఉగాది దాటాక పెట్టుకున్నాం. అప్పటికి ఎండలు ముదురుతాయి, అందుకని పొద్దున్నే మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించాం.

డబ్బు విషయంలో మెతకగా ఉండకండి. పొదుపు సొమ్మును, బ్యాంకు అప్పును తాకవద్దు. అప్పులపై వడ్డీ తేడాలో సమాఖ్యకు మిగిలే ఆదాయం నుంచి ఎంత వాడాలో నెలవారీ సమావేశంలో ముందే తీర్మానం చేయండి. తలకింత చందా అని పెడితే లేనివాళ్లు మొహమాటపడి రారు. మేము బొరుగులు తెచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసుకున్నాం. కొన్ని ఇళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే ఓళిగలు తెచ్చారు.

పదో వార్షికోత్సవం నాడు ఒక నాయకుడి కోసం ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నారు. ఆయన వచ్చి కాసేపు మాట్లాడి వెళ్లిపోయారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఈసారి ఏపీఎంను (మండలంలో సంఘాల పనులు చూసే అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరును), బ్యాంకు మేనేజరును పిలిచాం. వాళ్లనూ అందరి మధ్యే కూర్చోబెట్టి, చదవడం పూర్తయ్యాకే మాట్లాడమన్నాం. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

అన్నిటికంటే ముఖ్యమనిపించేది పిలుపు. బొట్టు పెట్టి పిలవడం మనకు అలవాటు. కానీ సంఘం పెట్టినవారిలో చాలామంది ఇప్పుడు భర్త పోయినవారు. బొట్టు దగ్గర వాళ్లను దాటిపోతే, వాళ్లు కట్టిన ఇంటికే వాళ్లు పరాయివాళ్లవుతారు. మేము ప్రతి ఇంటికీ ఒకే విధంగా పసుపు, కుంకుమ, పండు పట్టుకుని వెళ్లాం. అవ్వలలో కొందరు మొదట చెయ్యి వెనక్కి తీసుకున్నారు, నిలబడి నచ్చజెప్పాం. దీపం వెలిగించింది వాళ్లే. వాయిదాలు కట్టలేక సంఘం వదిలేసినవారి ఇళ్లకూ వెళ్లండి. మా దగ్గర అలా వచ్చినవారిలో ఇద్దరు మళ్లీ చేరతామన్నారు.

ఆ రోజే ఈ ఏడాది లెక్కలు కూడా చదివేయండి, ఎక్కువ సమయం పట్టదు. ఇప్పుడు చేయాల్సిన పని మాత్రం ఒకటుంది: పాత పుస్తకాలు ఎవరి ఇంట్లో ఉన్నాయో కనుక్కుని, చెదలు పట్టకముందే ప్రతి పేజీకీ ఫోనుతో ఫొటో తీయించండి. మాకు రెండో పుస్తకంలో సగం దొరకలేదు.